సీడ్ పత్తి చేను నుంచి కంపెనీ బోర్డు దాకా



2015 సెప్టెంబరులో న్యూయార్క్‌లో 193 దేశాలు కలిసి 17 లక్ష్యాలు ఒప్పుకున్నాయి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అంటున్నాం వాటిని. ఆకలి, చదువు, ఆరోగ్యం, నీళ్ళు, వాతావరణం అన్నీ ఉన్నాయి అందులో. చాలావాటికి గడువు 2030. కొన్నింటికి అంతకన్నా ముందే గడువు పెట్టారు. ఎనిమిదో లక్ష్యం కింద ఏడో అంశం అలాంటిది. బాలకార్మిక వ్యవస్థను ఏ రూపంలోనూ మిగలకుండా 2025కల్లా అంతం చేస్తామన్నారు. ఆ గడువు దాటిపోయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన అంచనా ప్రకారం 2024లో ప్రపంచం మొత్తం మీద 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు ఇంకా పనిలోనే ఉన్నారు. 2000లో ఈ లెక్క 24 కోట్ల 60 లక్షలు. అంటే పాతికేళ్ళలో దాదాపు సగానికి తగ్గింది. ఆ తగ్గుదల వెనక ఎంతోమంది కష్టం ఉంది. కానీ మిగిలిన పిల్లల్లో నూటికి అరవై మంది ఉన్నది వ్యవసాయంలోనే.

ఈ లక్ష్యాలకు తల ఊపినవి ప్రభుత్వాలు. అయితే పొలంలో, ఫ్యాక్టరీలో, గోదాములో పని ఎలా జరగాలో, దానికి ఎంత ఇవ్వాలో తేల్చేవి చాలాచోట్ల కంపెనీలు. అవి ఈ లక్ష్యాలను తమవి అనుకోకపోతే ప్రభుత్వాల మాట సగమే నిలబడుతుంది. కంపెనీల చేత ఆ మాట అనిపించడానికీ, అన్నాక చేయించడానికీ స్వచ్ఛంద సంస్థలు ఏం చేశాయి, ఏం చేస్తే పని జరిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నంద్యాల, కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మన నడిగడ్డలో జరిగిన కథే ఉంది. లక్ష్యాలు పుట్టడానికి పన్నెండేళ్ళ ముందే మొదలైంది అది.

ముందు ఆ పని ఎలాంటిదో చెప్పాలి. రైతు కొట్లో కొనుక్కునే హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతట అది కాయదు. మన దేశంలో వ్యాపార స్థాయికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి హెచ్-4. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ విత్తనం మనిషి చేత్తో తయారవ్వాల్సిందే. ఆడ మొక్కలూ మగ మొక్కలూ వేరువేరుగా వేస్తారు. మధ్యాహ్నం తర్వాత ఆడ మొక్కల సాళ్ళ వెంట నడుస్తూ, రేపు విచ్చుకోబోయే మొగ్గ ఏదో గుర్తుపట్టాలి. బొటనవేలి గోటితో రెక్కలు వలిచి, లోపలి పుప్పొడి తిత్తులు ఒక్కటి కూడా మిగలకుండా తీసేయాలి. నడిమి కీలం మాత్రం తెగకూడదు. పొద్దున్నే మళ్ళీ చూసుకోవడానికి గుర్తుగా ఎర్ర కాగితం పెడతారు. మర్నాడు ఎండ ఎక్కకముందే మగ పువ్వులు కోసుకొచ్చి, ఒక్కో కీలానికీ పుప్పొడి రుద్దుకుంటూ పోవాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. మొగ్గ ఒక్క రోజు తప్పినా దాని పుప్పొడి దానికే అంటుకుని విత్తనం కల్తీ అవుతుంది. అందుకని పండగా లేదు, ఆదివారం లేదు. రెండు మూడు నెలలు ఏకధాటిగా సాగుతుంది. ఆ నెలలు సరిగ్గా బడి నడిచే నెలలు.

చిన్న వేళ్ళయితేనే ఈ పని కుదురుతుందని, పొట్టి మొక్కలు కాబట్టి పిల్లలు వంగకుండా చేస్తారని అనేవాళ్ళు. అది నిజం కాదు. ఆడవాళ్ళు చేసిన చేలల్లోనూ అంతే విత్తనం వచ్చింది. అసలు కారణం కూలి. పెద్దవాళ్ళకిచ్చే దానికన్నా పిల్లకు తక్కువ ఇవ్వొచ్చు. ఎక్కువ గంటలు పనిచేయించవచ్చు, ఎదురు చెప్పదు. సీజన్‌కు ముందే తండ్రి చేతిలో అడ్వాన్సు పెడితే ఆ అమ్మాయి ఆ ఏడాదికి ఆ చేనుకు కట్టుబడిపోయినట్టే. అమ్మాయి అంటున్నాను, ఎందుకంటే ఈ చేలల్లో పిల్లలంటే ఎక్కువమంది అమ్మాయిలే. మందు కొట్టిన మర్నాడే ఆ ఆకుల మధ్య తిరిగేవాళ్ళు. తలనొప్పి, వాంతులు, కళ్ళ మంట వాళ్ళకు రోజూ ఉండేవే. ఒక సీజన్ బడికి పోకపోతే తర్వాతి జూన్‌లో పాత తరగతిలోకి పోలేరు. పై తరగతి అందదు. అక్కడితో చదువు ఆగిపోయేది.

ఈ విషయం మీద ముందు లెక్క తీసినవాళ్ళు దావులూరి వెంకటేశ్వర్లు గారు. హైదరాబాద్ నుంచి పనిచేసిన పరిశోధకుడు. ఊరూరా చేలల్లో ఎంతమంది ఉన్నారు, ఎవరి పిల్లలు, ఏ కంపెనీ విత్తనం, ఎంత కూలి అని రాసుకుంటూ పోయారు. నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ అనే స్వచ్ఛంద సంస్థ కోరితే 2003లో ఆయన ఇచ్చిన నివేదికలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తన చేలల్లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు రెండు లక్షలకు పైనే ఉంటారన్న అంచనా ఉంది. విత్తనం ఎవరికి చేరుతోందో కూడా అందులో ఉంది. దేశీ కంపెనీలతో పాటు బేయర్, మోన్‌శాంటో, సింజెంటా, యూనిలీవర్ వంటి అంతర్జాతీయ సంస్థల పేర్లు, వాటి భారతీయ భాగస్వాముల పేర్లు రాశారు. నా మటుకు నాకు ఈ కథలో కీలకం అదే. అప్పటిదాకా బాలకార్మికుల గురించి మాట్లాడితే పేదరికం గురించో, తల్లిదండ్రుల అజ్ఞానం గురించో మాట్లాడేవారు. ఆ అమ్మాయి వలిచిన మొగ్గకూ, యూరప్‌లో ఉన్న ఒక బోర్డు గదికీ మధ్య దారి ఎలా పోతుందో చూపించింది ఆ నివేదిక.

కంపెనీలు మొదట ఏమన్నాయో ఊహించడం కష్టం కాదు. ఆ పిల్లలు మా ఉద్యోగులు కారు. పొలం మాది కాదు. మా ఒప్పందం ఆర్గనైజర్‌తో, ఆర్గనైజర్ ఒప్పందం రైతుతో. కూలీలను పెట్టుకునేది రైతు. కాగితం మీద ఇదంతా నిజమే. సీడ్ ఆర్గనైజర్ అంటే కంపెనీకీ రైతుకూ మధ్య మనిషి. మూల విత్తనం, పెట్టుబడి అప్పు అతని చేతి మీదుగా వస్తాయి. పండిన విత్తనం అతని చేతి మీదుగానే పోతుంది. చాలామంది రైతులకు తాము ఏ కంపెనీకి పండిస్తున్నారో తెలుసు గానీ, ఆ కంపెనీ సంతకం ఉన్న కాగితం చేతిలో ఉండదు.

దానికి స్వచ్ఛంద సంస్థలు ఇచ్చిన జవాబు చేనులోంచే వచ్చింది. కంపెనీ విత్తనం కొనేముందు స్వచ్ఛత పరీక్ష చేయిస్తుంది. నడిగడ్డలో ఎవరినడిగినా జీవోటీ అని చెబుతారు, అది పాసయితేనే డబ్బు. ఫెయిలయితే ఏ రైతు, ఏ చేను, ఏ లాట్ అన్నది కంపెనీకి తెలుస్తుంది. సీజన్‌లో కంపెనీ ఫీల్డ్ మనుషులు చేలల్లోకి వచ్చి క్రాసింగ్ సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకుంటారు. మొగ్గ సరిగ్గా వలిచారో లేదో చూసే కన్నుకు, వలిచే చేయి ఎవరిదో కనిపించదా? ఈ ప్రశ్నకు కంపెనీల దగ్గర జవాబు లేకపోయింది. విత్తనం నాణ్యత కోసం చేను దాకా వెళ్ళగలిగినవాళ్ళు బాలల హక్కు కోసం వెళ్ళలేమని చెప్పడం కుదరలేదు.

ఊళ్ళో మాత్రం మరో పని జరుగుతోంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఎం.వి. ఫౌండేషన్ అంటాం. వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో పెట్టిన సంస్థ అది. ఆయన మనవరాలు శాంతా సిన్హా గారి నాయకత్వంలో 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లలను బడికి పంపే పని మొదలుపెట్టింది. వాళ్ళ పట్టు ఒక్కటే. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. కొన్ని పనులు ప్రమాదకరం, కొన్ని ఫరవాలేదు అన్న బేరానికి వాళ్ళు ఒప్పుకోలేదు. ఊళ్ళో యువకులను కూడగట్టి, పంచాయతీని, టీచర్లను, రైతులను కూర్చోబెట్టి, పనిలోంచి వచ్చిన పిల్లలకు బ్రిడ్జి కోర్సు శిబిరాలు నడిపి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించారు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే పురస్కారం వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలయ్యారు.

విత్తన కంపెనీల సంఘం హైదరాబాద్‌లో ఈ సంస్థతో కూర్చుని మాట్లాడింది కూడా 2003లోనే. కంపెనీల మనుషులూ సంస్థ మనుషులూ కలిసి చేలు చూడాలి, పిల్లలు కనిపిస్తే రైతుతో మాట్లాడాలి అని ఒప్పందం. వినడానికి బాగుంది. చేలు చూడాలంటే మాత్రం ఏ చేలో తెలియాలి కదా. రైతుల పేర్లు, ఊళ్ళు, ఎకరాల జాబితా కంపెనీ ఇవ్వాలి. మొదటి సీజన్‌లో స్వచ్ఛంద సంస్థల ప్రధాన ఫిర్యాదు ఈ జాబితాలు సమయానికి పూర్తిగా అందలేదనే. క్రాసింగ్ సగం అయ్యాక జాబితా వస్తే చూడటానికి ఏముంటుంది! కంపెనీలతో పనిచేసే ఏ సంస్థయినా దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. ఎంత మంచి మాటలు రాసుకున్న ఒప్పందమైనా, జాబితా ఏ తేదీకల్లా చేతికొస్తుందో అందులో రాసి లేకపోతే దానివల్ల ఒరిగేది తక్కువ.

అప్పుడు పని రెండో చోటికి జరిగింది. 2004 అక్టోబరులో జర్మన్‌వాచ్, బేయర్ మీద నిఘా పెట్టే జర్మన్ కూటమి, గ్లోబల్ మార్చ్ అనే బాలకార్మిక వ్యతిరేక వేదిక కలిసి బెర్లిన్‌లో ఆర్థిక శాఖ దగ్గర బేయర్ మీద ఫిర్యాదు చేశాయి. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ తమ బహుళజాతి కంపెనీలకు కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. వాటిని మీరితే సొంత దేశంలో ఫిర్యాదు చేయొచ్చు. అందులో జరిమానా లేదు, జైలు లేదు. బేయర్ మీద ఫిర్యాదు మూడేళ్ళు సాగి 2007లో ముగిసింది. ఇలాంటిదానికి పెద్ద కంపెనీ ఎందుకు జంకుతుందని మీకు అనిపించవచ్చు. జర్మనీలో షేర్లు కొన్న మామూలు మనుషులున్నారు, వాళ్ళ వార్షిక సభలో లేచి అడిగేవాళ్ళున్నారు, పత్రికలున్నాయి. పైగా బేయర్ అప్పటికే ఐక్యరాజ్య సమితి గ్లోబల్ కాంపాక్ట్‌లో మొదటినుంచీ సభ్య సంస్థ. ఆ కాంపాక్ట్‌లో అయిదో సూత్రం బాలకార్మిక వ్యవస్థను నిర్మూలించాలనే చెబుతుంది. తాను ఒప్పుకున్న మాటను తన ముందు పెట్టి అడిగినప్పుడు ఏ కంపెనీకైనా తప్పించుకునే దారి ఇరుకవుతుంది.

నేను నమ్మేది ఇదీ. ఉమ్మడిగా ఒప్పుకున్న మాట, అది సుస్థిర అభివృద్ధి లక్ష్యమైనా గ్లోబల్ కాంపాక్ట్ అయినా, దానంతట అది ఎవరినీ మార్చదు. ఊళ్ళోంచి ఒక సాక్ష్యం తెచ్చి ఆ మాట పక్కన పెట్టినప్పుడు దానికి బలం వస్తుంది. నంద్యాలలో చేలు తిరిగినవాళ్ళు లేకపోతే బెర్లిన్ ఫిర్యాదులో రాయడానికి ఏమీ ఉండేది కాదు. బెర్లిన్‌లో అడిగేవాళ్ళు లేకపోతే నంద్యాల లెక్క నంద్యాలలోనే ఆగిపోయేది.

ఫలితం ఏమిటంటే, బేయర్ తన చేలల్లో ఒక పద్ధతి పెట్టింది. పిల్లలను పెట్టుకోని రైతుకు కొనుగోలు ధర మీద అయిదు శాతం బోనస్. ముందు చెప్పకుండా చేలు తనిఖీ. పిల్లలు కనిపిస్తే మొదట హెచ్చరిక, తర్వాత ధరలో కోత, మళ్ళీ కనిపిస్తే ఒప్పందం రద్దు. దిగుబడి పెంచుకునే మెళకువలు నేర్పించారు. నాంది ఫౌండేషన్‌తో కలిసి పిల్లల చదువుకు కేంద్రాలు పెట్టారు. మిగతా అంతర్జాతీయ కంపెనీలు కూడా ఒక్కొక్కటీ తనిఖీ పద్ధతులు తెచ్చాయి. సింజెంటా తన విత్తన చేలను చూడటానికి బయటి సంస్థ ఫెయిర్ లేబర్ అసోసియేషన్‌ను పిలిచింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఈ కంపెనీల చేలల్లో పిల్లల సంఖ్య బాగా తగ్గినట్టు తేలింది. ఇది చిన్న విజయం కాదు. ఆ చేలల్లోంచి బడికి వెళ్ళిన అమ్మాయిల్లో ఇవాళ తమ పిల్లలను బడికి పంపుతున్న తల్లులున్నారు.

అయితే ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బోనస్ కాదు, దాని వెనకున్న ధర. 2005లో వెంకటేశ్వర్లు గారు మరో పరిశోధకురాలితో కలిసి ఇంకో నివేదిక రాశారు. అందులో ప్రశ్న సూటిగా ఉంటుంది. కంపెనీ 750 గ్రాముల ప్యాకెట్‌కు రైతుకిచ్చే ధరలో, పెద్దవాళ్ళకు న్యాయమైన కూలి ఇచ్చి క్రాసింగ్ చేయించుకోవడం రైతుకు గిట్టుబాటవుతుందా? అవదని లెక్క కట్టి చూపించారు. సీడ్ పత్తి సాగులో కూలి ఖర్చే పెద్ద ఖర్చు, ఆ కూలిలో అత్యధిక భాగం క్రాసింగ్‌కే. కంపెనీ ధర పెంచకుండా పిల్లలను పెట్టుకోవద్దంటే ఆ భారమంతా రైతు మీద, ఆ రైతులో కూడా అర ఎకరం, ఎకరం వేసుకునే చిన్న రైతు మీద పడుతుంది. రైతును తప్పు పట్టడం తేలిక. అతని చేతికొచ్చే ధరను నిర్ణయించేది ఎవరో చూడటం కష్టం. ఆ కష్టమైన పని చేశారు కాబట్టే ఆ నివేదికను నేను గౌరవిస్తాను.

ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. పత్తి విత్తనం ప్యాకెట్‌ను రైతుకు ఎంతకు అమ్మాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పోరాడి బీటీ పత్తి ప్యాకెట్ ధరను 750 రూపాయలకు దించింది. 2015 చివర్లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. పత్తి వేసే రైతుకు అది మేలు చేసింది, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ విత్తనం పండించే రైతుకు ఎంత ఇవ్వాలో చెప్పే మాట అందులో లేదు. అమ్మే ధరకు మూత ఉంది, కొనే ధరకు అడుగు లేదు. మా చేతులు కట్టేశారు, పై ధర పెంచలేం కాబట్టి కింది ధర పెంచలేమని కంపెనీలంటాయి. ఆ మాటలో కొంత నిజముంది. ఆ నిజం కొనుగోలు లెక్కలు బయటపెట్టి చూపిస్తేనే నిలబడుతుంది.

ఇప్పుడు మన చట్టం దగ్గరకు వద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత, అంటే సీఎస్ఆర్ కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సీఎస్ఆర్ అంటే ఇప్పుడు పల్లెటూరి సర్పంచ్‌కు కూడా తెలుసు. ఆ డబ్బుతో బడి గదులొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి, మంచినీటి ప్లాంట్లొచ్చాయి. స్వచ్ఛంద సంస్థలకు ఊపిరి పోసిన చట్టం అది. కానీ అదే చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఒక మాట ఉంది. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్ఆర్ కిందకు రాదు. అంటే తన విత్తన రైతుకు ధర పెంచితే అది లెక్కలోకి రాదు. అదే ఊళ్ళో బడికి రంగులు వేయిస్తే వస్తుంది.

ఈ నిబంధనకు కారణం ఉంది. లేకపోతే ప్రతి వ్యాపార ఖర్చునూ సేవగా చూపిస్తారు. కానీ దానివల్ల స్వచ్ఛంద సంస్థలకు ఒక అలవాటు పడింది. కంపెనీ దగ్గరికి వెళ్తే సీఎస్ఆర్ విభాగం తలుపు కొడతారు. ప్రతిపాదన రాస్తారు, దాని పక్కన ఇది నాలుగో లక్ష్యం, ఇది ఆరో లక్ష్యం అని రంగు గుర్తులు పెడతారు. కంపెనీ తన వార్షిక నివేదికలో ఆ గుర్తులను అలాగే ఎత్తి అచ్చు వేస్తుంది. కొనుగోళ్ళ విభాగం ఆ అంతస్తులోనే ఇంకో గదిలో ఉంటుంది. ఎవరి దగ్గర కొంటున్నారు, ఎంతకు కొంటున్నారు, ఆ ధరలో ఎవరి చేతులు పనిచేస్తున్నాయి అన్నది ఆ గదిలోనే తేలుతుంది. దాని తలుపు కొట్టేవాళ్ళు చాలా తక్కువ. రెండు శాతాన్ని ఎలా ఖర్చు పెడుతున్నారని మనం ఎంతో శ్రద్ధగా అడుగుతాం. మిగతా తొంభై ఎనిమిది శాతం ఎలా సంపాదించారని అడగం. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు కంపెనీలను అడిగేది ఈ రెండో ప్రశ్నే. పన్నెండో లక్ష్యం కింద ఆరో అంశం కంపెనీలు, ముఖ్యంగా పెద్ద కంపెనీలు, తమ పద్ధతులను సుస్థిరంగా మార్చుకోవాలని, ఆ సమాచారాన్ని తమ నివేదికల్లో చేర్చాలని స్పష్టంగా చెబుతుంది.

ఆ నివేదికల పద్ధతి కూడా స్వచ్ఛంద సంస్థల చలవేనని చాలామందికి తెలియదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికి సముద్రం పాడయ్యాక, కంపెనీలు లాభనష్టాలతో పాటు పర్యావరణం లెక్కా చెప్పాలన్న పట్టుదలతో కొందరు కలిశారు. అందులోంచి 1997లో బోస్టన్‌లో జీఆర్ఐ అనే సంస్థ పుట్టింది. ఇవాళ ప్రపంచంలో పెద్ద కంపెనీలు సుస్థిరత నివేదికలు రాసే నమూనాల్లో ఎక్కువ వాడేది దానిదే. మన స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో బీఆర్ఎస్ఆర్ అనే నివేదికను తెచ్చి, 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లో మొదటి వెయ్యి కంపెనీలకు తప్పనిసరి చేసింది.

ఆ బీఆర్ఎస్ఆర్‌ను ఒకసారి తెరిచి చూడండి, కంపెనీల వెబ్‌సైట్లలో ఎవరైనా చదవొచ్చు. అయిదో సూత్రం మానవ హక్కులది. ఈ ఏడాది బాలకార్మికుల మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయి అని ఒక గడి. ఎక్కువ నివేదికల్లో ఆ గడిలో సున్నా ఉంటుంది. మీ ప్లాంట్లలో, ఆఫీసుల్లో ఎంత శాతం తనిఖీ చేశారు అని ఇంకో గడి. అక్కడ నూరు శాతం అని రాసుకోవచ్చు. హైదరాబాద్‌లోని ఏసీ ఆఫీసులో పన్నెండేళ్ళ పిల్ల పనిచేయదు కదా. సరుకు పంపేవాళ్ళ దగ్గర తనిఖీ చేశారా అన్న ప్రశ్న మాత్రం తప్పనిసరి భాగంలో లేదు. ఇష్టమైతే జవాబివ్వండి అన్న భాగంలో ఉంది. నడిగడ్డలోని మల్దకల్ చేను, నంద్యాల వైపు ఉయ్యాలవాడ చేను ఆ రెండో భాగంలోకి వస్తాయి. పైగా స్టాక్ మార్కెట్‌లో లేని విత్తన కంపెనీలకు ఈ నివేదికే అక్కర్లేదు. అయినా ఆ నివేదిక ఉండటం మంచిదే. సున్నా అని సంతకం చేసి రాసిన కాగితం ఒకటుంది కాబట్టి, దాని పక్కన పెట్టడానికి చేనులోంచి తెచ్చిన సాక్ష్యానికి విలువ పెరిగింది. జిల్లాల్లో పనిచేసే చిన్న సంస్థలు ఈ కాగితాలు చదవడం నేర్చుకోవాలని నా కోరిక. మన ఊరి సరుకు కొనే కంపెనీ ఆ గడిలో ఏం రాసిందో ఊళ్ళోవాళ్ళకు తెలియాలి.

ఈ సందర్భంలో సంస్థల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒక కంపెనీ డబ్బుతో బడి నడిపే సంస్థే ఆ కంపెనీ చేలను తనిఖీ చేస్తే ఆ తనిఖీకి నమ్మకం ఉండదు. మనుషులు మంచివాళ్ళే కావచ్చు. జీతాలు వచ్చే ఏడాది కూడా రావాలన్న బెంగ మంచివాళ్ళకూ ఉంటుంది. చదువు చెప్పే సంస్థ వేరు, లెక్క తీసే సంస్థ వేరు, నిలదీసే సంస్థ వేరుగా ఉంటేనే పని జరుగుతుంది. నంద్యాల కథలో ఈ మూడూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. అందువల్లే ఒకరు మెత్తబడ్డా ఇంకొకరు పట్టు వదల్లేదు. కంపెనీతో కూర్చుని మాట్లాడేవాళ్ళను అమ్ముడుపోయారనడం, బయట నిలబడి అడిగేవాళ్ళను అభివృద్ధికి అడ్డమనడం, రెండూ అన్యాయమే.

ఇక దిగులు పడాల్సిన సంగతి. ఒక ప్రాంతంలో ఒత్తిడి పెరిగితే విత్తన సాగు ఇంకో ప్రాంతానికి జరిగింది. గుజరాత్‌లో, తమిళనాడులో, కర్ణాటకలో, రాజస్థాన్‌లో పెరిగింది. దక్షిణ రాజస్థాన్‌లోని డుంగర్‌పూర్, ఉదయ్‌పూర్ ప్రాంతాల గిరిజన పిల్లలను జీపుల్లో ఉత్తర గుజరాత్ బీటీ పత్తి చేలకు తరలించారు. అక్కడి కార్మిక సంఘాలు సరిహద్దుల దగ్గర ఆ జీపులను ఆపాల్సి వచ్చింది. 2015లో, ప్రపంచ లక్ష్యాలు ఒప్పుకున్న ఏడాదే, వెంకటేశ్వర్లు గారి మరో నివేదిక వచ్చింది. దేశంలో ఆరు రాష్ట్రాల పత్తి విత్తన చేలల్లో పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు దాదాపు అయిదు లక్షల మంది, అందులో పద్నాలుగేళ్ళ లోపువాళ్ళే రెండు లక్షల దాకా ఉన్నారని అందులో అంచనా. నూటికి ఇంతమంది అన్న లెక్కలో పిల్లల వాటా తగ్గింది, కానీ సాగు విస్తీర్ణం పెరగడంతో తలల లెక్క తగ్గలేదు. అంతర్జాతీయ కంపెనీల చేలల్లో పద్ధతులున్నాయి. ఎక్కువ విత్తనం పండించేది మాత్రం దేశీ కంపెనీలే. వాటికి బెర్లిన్‌లో వాటాదారుల్లేరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పత్రికల్లేవు. వాటిని అడగాల్సింది మనమే.

ఇంకో మార్పు కూడా వచ్చింది. కూలికి వచ్చే పరాయి పిల్లలు తగ్గారు. సొంత చేలో పనిచేసే సొంత పిల్లలు పెరిగారు. 2016లో మన బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అది మంచి అడుగు. అయితే బడి వేళలు అయ్యాక ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో సాయపడొచ్చని వెసులుబాటు పెట్టారు. క్రాసింగ్ చేనుకు బడి వేళలు తెలియవు. పొద్దున్న తొమ్మిదికి పుప్పొడి రుద్దాలి, బడి గంట కూడా తొమ్మిదికే కొడతారు. కంపెనీ తనిఖీదారు వస్తే మా పిల్లే, సెలవు రోజని వచ్చింది అంటారు. కూలి పిల్లను వెతికే తనిఖీకి ఈ పిల్ల దొరకదు. ఇక్కడ బోనస్, హెచ్చరిక, రద్దు ఏవీ పనిచేయవు. పెద్ద కూలీలను పెట్టుకోగలిగేంత ధర వస్తేనే ఆ తండ్రి కూతుర్ని బడిలో ఉంచుతాడు.

తెలంగాణను దేశానికి విత్తన భాండాగారం చేస్తామని ప్రభుత్వాలు చెబుతున్నాయి. సంతోషమే. విత్తన కంపెనీలు ఎక్కువగా ఉన్నది హైదరాబాద్ చుట్టుపక్కలే. నడిగడ్డలోని గద్వాలలో పనిచేసే సంస్థ ప్రతినిధి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి వాళ్ళ ఆఫీసులో ఉంటాడు. 2004లో జర్మనీ దాకా పోవాల్సివచ్చిన పనికి ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు, బడి బయట ఉన్న పిల్లల పేర్లు వాళ్ళ దగ్గర ఉంటాయి. సరిగ్గా అదే సమయంలో సీడ్ పత్తికి దుక్కులు దున్నుతారు, ఆర్గనైజర్లు రైతులతో మాట కుదుర్చుకుంటారు. ఆ నెలలోనే సంస్థలు కంపెనీల కొనుగోళ్ళ విభాగానికి వెళ్ళి మూడు విషయాలు కాగితం మీద అడగాలి. ఆర్గనైజర్ల, రైతుల జాబితా క్రాసింగ్ మొదలుకాకముందే ఇవ్వాలి. ప్యాకెట్ కొనుగోలు ధర విత్తే ముందే ప్రకటించాలి, అందులో పెద్దల కూలి ఎంత లెక్క వేశారో చూపించాలి. క్రాసింగ్ చూడటానికి వచ్చే కంపెనీ ఫీల్డ్ మనిషి చేతిలో ఉండే ఫారంలో, చేలో పిల్లలున్నారా, బడి ఈడు పిల్లలెందరు, ఏ బడిలో చదువుతున్నారు అన్న గడి చేర్చాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, సీఎస్ఆర్ నిధి అక్కర్లేదు. బాలకార్మికుల అంశానికి గడువు దాటింది గానీ లక్ష్యాల గడువు 2030 ఇంకా ఉంది. ఆలోగా నడిగడ్డకు మిగిలిన క్రాసింగ్ సీజన్లు కొద్దే.